తాగుబోతు డిటెక్టివ్ తలలో ఇరవై నాలుగు గొంతులు

అంతగా అమ్ముడుపోని ఒక నవల వీడియో గేమ్‌గా మారింది. పది లక్షల మాటల్ని ప్రపంచం చేత చదివించింది. 'డిస్కో ఎలీసియం' కథ, దాని వెనక కథ.

2019 డిసెంబరు 12 రాత్రి లాస్ ఏంజెలిస్‌లో 'ద గేమ్ అవార్డ్స్' సభ జరిగింది. వీడియో గేమ్ పరిశ్రమ ఏడాదికోసారి తన భుజం తానే తట్టుకునే సభ అది. వందల కోట్లు గుమ్మరించి తీసిన ఆటల ట్రైలర్లు, స్పాన్సర్ల ప్రకటనలు, ఆర్కెస్ట్రా హోరు. ఆ హంగామా మధ్య, అంతకుముందు ఒక్క ఆట కూడా తీయని ఒక జట్టు నాలుగు విభాగాల్లో పోటీకి దిగి నాలుగూ ఎగరేసుకుపోయింది. ఉత్తమ కథనం, ఉత్తమ ఇండిపెండెంట్ గేమ్, ఉత్తమ రోల్ ప్లేయింగ్ గేమ్, కొత్తవాళ్లకిచ్చే ఇండీ అవార్డు. బహుమతి అందుకుంటూ ఆ జట్టు కృతజ్ఞతలు చెప్పుకున్నవారిలో కార్ల్ మార్క్స్, ఫ్రెడరిక్ ఎంగెల్స్ ఉన్నారు. తమకు రాజకీయ పాఠాలు చెప్పినందుకట!

ఆట పేరు డిస్కో ఎలీసియం. తీసింది జా/ఉమ్ అనే సంస్థ. మూలాలు ఎస్టోనియాలో, కార్యాలయం బ్రిటన్‌లో. ఆ ఏడాది అక్టోబరు 15న ఆట విడుదలైంది. కొన్ని నెలలకే, 2020లో, బ్రిటన్‌లో బాఫ్టా వాళ్లు మరో మూడు అవార్డులిచ్చారు: తొలి ఆటగా, సంగీతానికి, కథనానికి. 'పీసీ గేమర్' పత్రిక ఏటా వేసే వంద ఉత్తమ ఆటల జాబితాలో దీన్ని మొదటి స్థానానికి ఎక్కించింది. అవార్డులు ఏ ఆటకైనా వస్తాయి, పోతాయి. దీని సంగతి వేరు. ఇది పరిగెత్తే ఆట కాదు, కాల్చే ఆట కాదు. చదివే ఆట. ఇందులో పది లక్షలకు పైగా మాటలున్నాయి. ఓ మోస్తరు నవలలు పది కలిపినా అంత ఉండదు. జనం చదవడం మానేశారని మన సాహిత్య సభల్లో వక్తలు వాపోవడం రివాజు కదా! ఫోన్లూ ఆటలే అందుకు కారణమని కూడా అంటారు. ఆ నిందితుల్లో ఒకడే చదువరుల్ని వెంటబెట్టుకుని వచ్చి బోనులో నిలబడ్డాడు.

మొదటి గది

కథ కటిక చీకట్లో మొదలవుతుంది. మెదడు అట్టడుగు పొరల్లోంచి ఏదో పురాతన గొంతు, మేలుకోవద్దు, ఇలాగే పడి ఉండు అని బుజ్జగిస్తుంటుంది. మీరు మేలుకుంటారు. చిందరవందరగా ఉన్న లాడ్జి గది. కిటికీ అద్దం పగిలి ఉంది. ఒక బూటు కనబడదు. పైన తిరుగుతున్న ఫ్యానుకు రంగురంగుల టై ఒకటి వేలాడుతుంటుంది. తాగి తాగి మీ పేరేమిటో, మీరెవరో, ఇది ఏ ఊరో కూడా గుర్తులేని స్థితి. ఆట మొదట్లో పాత్రకు ఒంట్లో సత్తువ బాగా తక్కువ పెట్టుకున్నవాళ్లు ఆ టై అందుకోబోయి గుండె ఆగి పోవచ్చు కూడా. తెర మీద మీ చావు పత్రికలో వార్తగా వస్తుంది. ఆట మొదలై ఇంకా ఐదు నిమిషాలు కాలేదు!

కిందికి దిగి వస్తే అసలు విషయం తెలుస్తుంది. మీరు పోలీసు డిటెక్టివ్. లాడ్జి వెనక పెరట్లో చెట్టుకు ఒక శవం వేలాడుతోంది, వారం రోజులుగా. దాన్ని దించి కేసు తేల్చడానికి వచ్చిన మీరు మూడు రోజులు తాగి, గది ధ్వంసం చేసి, తుపాకీ, బ్యాడ్జీ పోగొట్టుకుని కూర్చున్నారు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌ని చదివి పెరిగిన పాఠకులకు డిటెక్టివ్ అంటే ఒక లెక్క ఉంటుంది. మాసిపోని కోటు, తడబడని మాట, ఎదుటివాడి బూటు చూసి ఊరు చెప్పే బుర్ర. ఈ ఆటలోని డిటెక్టివ్ హ్యారీ డు బ్వాకి తన మొహం అద్దంలో చూసుకోవడమే ఒక పరిశోధన.

లాడ్జి మేనేజరు బిల్లు కట్టమంటాడు. జేబులో చిల్లిగవ్వ ఉండదు. అక్కడ మీకు ఒక అవకాశం కనబడుతుంది: బిల్లు ఎగ్గొట్టి దర్జాగా తలుపు వైపు దూకెయ్యవచ్చు. కంప్యూటరు రెండు పాచికలు వేస్తుంది. మీ నైపుణ్యం అంకె, పాచికల మొత్తం కలిసి చాలకపోతే ఓడిపోతారు. ఓడితే ఏమవుతుందనుకున్నారు? హ్యారీ పరిగెత్తుతూ, గాల్లోనే వెనక్కి తిరిగి, మేనేజరుకు రెండు చేతులా బూతు సైగ చేస్తూ, వెనక చక్రాల కుర్చీలో కూర్చున్న ముసలావిడను గుద్దుకుని కూలబడతాడు. నేను చూసిన వీడియో గేముల్లో ఇంతకన్నా అవమానకరమైన ఓటమి లేదు. ఇంతకన్నా నవ్వించిందీ లేదు.

మామూలు ఆటల్లో ఓటమి అంటే ఆట ఆగిపోవడం. చచ్చిపోతారు, మళ్లీ మొదటికొస్తారు. ఇక్కడ ఓటమి కూడా కథే. గెలిస్తే ఒక సన్నివేశం, ఓడితే మరో సన్నివేశం. చాలాసార్లు రెండోదే బాగుంటుంది. లాడ్జిలో కరియోకి మైకు ఉంది. పాడతానని హ్యారీ మేనేజరును బతిమాలుకోవచ్చు. పాచిక కలిసొస్తే గొంతు పలుకుతుంది. లేకపోతే శ్రుతి తప్పి, ఒక దుఃఖంలో ఉన్న మనిషి నలుగురి ముందు పాడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. రెండో రకం విన్నవాళ్లు మొదటిదాన్ని అంతగా తలచుకోరు.

డబ్బు సంగతీ అంతే. ఫాంటసీ ఆటల్లో వీరుడు రాక్షసుణ్ని చంపి బంగారు నాణేలు ఏరుకుంటాడు. ఇక్కడ పోలీసు అధికారి ప్లాస్టిక్ సంచి పట్టుకుని వీధుల్లో ఖాళీ సీసాలు ఏరుకుంటాడు. వాటిని దుకాణంలో ఇచ్చి వచ్చిన చిల్లరతో రాత్రికి గది అద్దె కట్టుకోవాలి. పక్కన నిలబడి ఇదంతా చూస్తూ ఒక మనిషి ఉంటాడు. అతని పేరు కిమ్ కిట్సురాగి.

కిమ్ మరో స్టేషన్ నుంచి ఈ కేసుకు తోడుగా వచ్చిన లెఫ్టినెంట్. నారింజ రంగు జాకెట్, మందపాటి కళ్లద్దాలు, చేతిలో నోట్‌బుక్. రోజుకు ఒకే ఒక్క సిగరెట్, అదీ సాయంత్రం, ఆ రోజు రాసుకున్నవి చదువుకుంటూ. రూపం చూసి అతణ్ని పరాయిదేశం వాడంటూ వెటకారం చేసేవాళ్లు ఆ పేటలో ఉన్నారు. పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే అని అతను గొంతు పెంచకుండా చెబుతాడు. హ్యారీ ఎంత వెర్రిగా ప్రవర్తించినా తిట్టడు. ఓ కనుబొమ ఎత్తుతాడు, అంతే. ఆ కనుబొమకు జడిసి, ఇంకో ఆటలో అయితే క్షణం ఆలోచించకుండా చేసే పాడు పనులు మానుకున్న ఆటగాళ్లు ఎందరో. నాకూ సంచి పట్టుకుని సీసాలు ఏరుకుంటున్నప్పుడు కిమ్ వంక చూడబుద్ధి కాలేదు. తెర మీది బొమ్మ ముందు సిగ్గుపడటం ఏమిటని కొట్టిపారేయవచ్చు. నవలలో పాత్ర కోసం కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లకు ఆ ప్రశ్న వేయం కదా!

తలలో పంచాయితీ

ఈ ఆట చేసిన అసలైన కొత్త పని డిటెక్టివ్ తలలో ఉంది. రోల్ ప్లేయింగ్ ఆటల్లో పాత్రకు బలం, చురుకుదనం, తెలివి అని అంకెలుంటాయి. ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. ఇక్కడ ఆ అంకెలకు నోళ్లిచ్చారు. మేధ, మనసు, దేహం, కదలిక అని నాలుగు వర్గాలు. ఒక్కోదాంట్లో ఆరేసి, మొత్తం 24 నైపుణ్యాలు. ఎవరితోనైనా మాట్లాడుతుంటే ఇవన్నీ మధ్యలో దూరతాయి. పెళ్లి సంబంధం వచ్చిన ఉమ్మడి కుటుంబంలో మేనత్త నుంచి తాతయ్య దాకా తలా ఓ మాట అన్నట్టు, ఎవరి గోల వాళ్లది. 'తర్కం' సాక్షి మాటల్లో పొంతన లేదంటుంది. 'ఎన్‌సైక్లోపీడియా' ఎవరూ అడగని చరిత్ర పాఠం మొదలుపెడుతుంది. 'అధికారం' వీడు నిన్ను లెక్కచేయడం లేదు, గట్టిగా అరువు అంటుంది. 'సహానుభూతి' ఆ అరుపు వెనక భయం ఉంది చూడు అంటుంది. 'ఎలక్ట్రోకెమిస్ట్రీ' అనే గొంతుకు ఎంతసేపూ మందు, మత్తు, సిగరెట్ మీదే ధ్యాస.

ఏ గొంతును పెంచి పోషిస్తారో మీ డిటెక్టివ్ అలా తయారవుతాడు. అయితే ఏదైనా మితిమీరితే ముప్పే. తర్కం ఎక్కువైతే పొగడ్తకు పడిపోతుంది. 'నాటకం' అనే గొంతు ఎక్కువైతే ప్రతివాడూ అబద్ధాలకోరుగా కనబడతాడు. ఈ గొంతులు నిజమే చెబుతాయన్న పూచీ కూడా లేదు. తెలిసినట్టు చెప్పి తప్పుదారి పట్టిస్తాయి. మనసులో మాట అనుకుని మనం వినేది మన మేలు కోరేదే కానక్కర్లేదన్న సంగతిని ఒక ఆట యంత్రాంగంలో ఇంత సుళువుగా ఇమిడ్చిన తీరు చూస్తే, చైతన్య స్రవంతి పేరుతో మనం చదివిన నవలల్లో కొన్ని వెలవెలబోతాయి.

వీటిల్లో నాకు బాగా నచ్చింది 'షివర్స్', వణుకు. చల్లగాలి తగిలి ఒళ్లు జలదరించినప్పుడు ఆ నగరమే మాట్లాడుతుంది. అదే క్షణాన ఎక్కడో పైకప్పు మీద వాన పడుతోందని, ఇంకెక్కడో ఒక మనిషి ఒంటరిగా నడిచిపోతున్నాడని చెబుతుంది. కేసుకు అది పనికిరాదు. అయినా పోలీసు ఉద్యోగి నగరాన్ని ప్రేమించడం అంటే ఏమిటో ఆ నాలుగు వాక్యాల్లో తెలుస్తుంది.

మాటలు తెర కుడిపక్కన నిలువు పట్టీలో, ఫోన్‌లో చూసే ఫీడులా పైకి జరుగుతుంటాయి. ఒక్కో ముక్క రెండు మూడు వాక్యాలే. పేజీల కొద్దీ వర్ణన ఎక్కడా కుమ్మరించరు. పాఠకుడి అలవాటు ఎలా మారిందో గమనించి, ఆ అలవాటుకే గాలం వేశారు. 2021 మార్చిలో 'ఫైనల్ కట్' పేరుతో వచ్చిన కూర్పులో ఈ మాటలన్నిటికీ గొంతులు కూడా వచ్చాయి. తలలోని నైపుణ్యాలన్నిటికీ లెన్వల్ బ్రౌన్ ఒక్కడే గాత్రం. బరువైన, తొందరలేని గొంతు. నైపుణ్యం మారినా మనిషి మారడు కాబట్టి ఒకే తలలో ఇన్ని మాటలన్న భావన చెదరదు.

బొమ్మల గురించి ఒక మాట. అలెగ్జాండర్ రోస్తోవ్ కళా దర్శకుడు. తైలవర్ణ చిత్రంలా బ్రష్ గీతలు కనబడేలా మొత్తం నగరాన్ని వేయించాడు. మొహాలు నున్నగా ఉండవు. రెంబ్రాంట్, కాండిన్‌స్కీ ప్రభావం ఉందని చిత్రకళ తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. సంగీతం అప్పట్లో 'బ్రిటిష్ సీ పవర్' అనే పేరున్న రాక్ బృందానిది. తెల్లవారుజామున ఓడరేవు పేటలో ట్రంపెట్ వినిపించే ఆ ముక్క, ఆట వదిలేశాక కూడా చెవుల్లో తిరుగుతుంటుంది.

వెయ్యి కాపీల రచయిత

ఈ ప్రపంచాన్ని ఊహించినవాడు రాబర్ట్ కుర్విట్జ్. 1984లో టాలిన్‌లో పుట్టాడు. అప్పటికి ఎస్టోనియా సోవియట్ యూనియన్‌లో భాగం. 1991లో ఆ దేశం స్వతంత్రమైంది. అంటే ఒక వ్యవస్థ కూలి, మరో వ్యవస్థ దుకాణం తెరుస్తున్న సంధికాలంలో పెరిగిన కుర్రాడు. కూలిన విప్లవం శిథిలాల మధ్య జనం బతుకుతున్న, ఈ ఆట జరిగే రెవషోల్ నగరం అతనికి ఊహించడం కష్టం కాలేదంటే ఆశ్చర్యం ఏముంది? కుర్విట్జ్ రాక్ బ్యాండు నడిపాడు. స్నేహితులతో బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడుకునే కథల ఆట కోసం, 2000ల మధ్యలో, ఎలీసియం అనే లోకాన్ని అల్లడం మొదలుపెట్టారు. దేశాలు, మతాలు, యుద్ధాలు, మోటారు బళ్ల పేర్లు. ఏళ్ల తరబడి.

ఆ లోకంలోనే 2013లో కుర్విట్జ్ ఎస్టోనియన్ భాషలో ఒక నవల తెచ్చాడు. 'పవిత్రమూ భయానకమూ అయిన పరిమళం' అని దాని పేరుకు అర్థం. సుమారు వెయ్యి కాపీలు అమ్ముడయ్యాయి. రచయిత కుంగిపోయాడు, తాగుడులో పడ్డాడు.

ఇక్కడ ఆగి ఒక లెక్క చూసుకోవాలి. ఎస్టోనియా జనాభా 13 లక్షల పైచిలుకు. మన హైదరాబాద్‌లో ఒక మూలకు సరిపోతారు. అంత చిన్న దేశంలో వెయ్యి కాపీలు పోతే ఓటమి అనుకుని మంచం పట్టాడు ఆయన. 2011 జనగణన ప్రకారం ఈ దేశంలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 8 కోట్ల పైమాటే. తెలుగులో నవల ఐదొందలో వెయ్యో వేసి, అవి పోతే రచయిత మిత్రులకు టీ పార్టీ ఇస్తాడు. ఎవరి దుఃఖం ఎక్కువ సమంజసమో పాఠకులే తేల్చాలి.

కుర్విట్జ్‌కు దారి చూపించినవాడు కౌర్ కెండర్. ఎస్టోనియాలో పేరున్న నవలా రచయిత, వ్యాపారం తెలిసినవాడు. కెండర్ తాగుడు మానడానికి కుర్విట్జ్ సాయపడ్డాడు. ఆ కృతజ్ఞతతో కెండర్ ఒక సలహా ఇచ్చాడు: ఇంకో నవల రాయకు, ఈ లోకాన్ని వీడియో గేమ్‌గా తియ్యి. ఆటలు తీసిన అనుభవం కుర్విట్జ్‌కు లేదు. తొలి పెట్టుబడి సమకూర్చడంలో కెండర్ తోడ్పడ్డాడు. 2016లో సంస్థగా నమోదయ్యారు. ఆటకు మొదట పెట్టిన పేరు 'నో ట్రూస్ విత్ ద ఫ్యూరీస్'. తర్వాత డిస్కో ఎలీసియం అయింది. హెలెన్ హిండ్‌పెరె సహా అనేకమంది రాశారు. పబ్లిషర్ అంటూ ఎవరూ లేరు, సొంతంగానే విడుదల చేసుకున్నారు. పరిశ్రమ లెక్కల్లో ఇది ఏ మూలనుంచి చూసినా గెలిచే గుర్రం కాదు. యుద్ధం లేదు, మల్టీప్లేయర్ లేదు. తుపాకులు పేలే ఘట్టం ఒకటి ఉన్నా, అదీ మాటల్లోనే నడుస్తుంది.

అగ్గిపెట్టెల గోపురం

రాజకీయాల్లేకుండా ఈ ఆట గురించి మాట్లాడటం కుదరదు. రెవషోల్‌లో రాజును దించేసి కమ్యూన్ వచ్చింది. కొన్నేళ్లకు విదేశీ కూటమి ఫిరంగులతో దాన్ని అణిచేసింది. కథ జరిగేనాటికి అదంతా గడిచి నాలుగు దశాబ్దాలు దాటింది. గోడల మీద గుండు గుర్తులు అలాగే ఉన్నాయి, ఊరి మీద పెత్తనం కూటమిదే. మార్టినేజ్ అనే ఓడరేవు పేటలో సమ్మె నడుస్తోంది. ఒకవైపు రేవు కార్మికుల యూనియన్, దాని నాయకుడు ఎవ్రార్ట్ క్లెయిర్. బొద్దుగా, నవ్వుతూ, పరమ జిత్తులమారి. మీరు వెళితే కావాలనే ఇబ్బంది కుర్చీ వేసి కూర్చోబెడతాడు. మరోవైపు కంపెనీ తరఫున జాయిస్ మెసియె. మర్యాద, చదువు, చక్కని మాట. ఎవరిని నమ్మాలో తేల్చుకునేలోపు ఇద్దరూ మిమ్మల్ని వాడేసుకుంటారు.

మార్క్స్‌కు వందనం చెప్పిన జట్టు కదా, ఎర్రజెండా ప్రచారం ఉంటుందనుకుంటారు. కానీ అందరికంటే ఎక్కువ వాతలు పడింది కమ్యూనిస్టులకే. సొంతింటివాళ్లకు తగిలేలా కొట్టడం ఇంట్లోవాళ్లకే చేతనవును. ఫైనల్ కట్‌లో చేర్చిన ఒక ఘట్టం చూడండి. శిథిలమైన భవనంలో ఇద్దరు విద్యార్థులు నడుపుతున్న రహస్య పఠన బృందం. సభ్యులు ఆ ఇద్దరే. ఎవరు అసలైన విప్లవకారుడు, ఎవరు కాదు అన్నదాని మీద వాళ్ల చర్చ వింటే, డెబ్బైల్లో ఎనభైల్లో మన వరంగల్‌లోనో గుంటూరులోనో హాస్టల్ గదుల్లో స్టడీ సర్కిళ్లు చూసినవాళ్లకు నవ్వు ఆగదు, ఆ వెంటనే కాస్త గుచ్చుకుంటుంది. ఆ ఇద్దరితో కలిసి హ్యారీ అగ్గిపెట్టెలతో ఒక గోపురం కట్టాలి. విప్లవం మీద నమ్మకం గట్టిగా ఉంటే, భౌతిక సూత్రాలు ఒప్పుకోకపోయినా గోపురం నిలుస్తుందని వాళ్ల సిద్ధాంతం. నిలిచిందా కూలిందా అన్నది ఆడేవాళ్లకు వదిలేస్తాను. ఆ గోపురం మీద చివరి అగ్గిపెట్టె పెడుతున్నప్పుడు మాత్రం వెక్కిరింపు ఎక్కడ ఆగి ఆరాధన ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం.

మిగతావాళ్లనూ వదల్లేదు. జాతి గర్వం తలకెక్కినవాడి అసలు బాధ, తనను వదిలేసిన ఆడమనిషి అని చూపించారు. డబ్బే దైవం అనేవాడి చేతికి చిల్లర ఇచ్చి కోటీశ్వరుణ్నన్న భ్రమలో తిప్పారు. ఏ పక్షమూ వద్దు, మెల్లగా అన్నీ సర్దుకుంటాయనే మధ్యేవాదికి దక్కిన వెటకారం చూస్తే, పెద్దమనిషి తరహాకు అలవాటుపడ్డ మనలాంటివాళ్లం కాసేపు తల దించుకోవాల్సిందే. ఏ జవాబు ఎంచుకున్నా ఎక్కడో ఒకచోట దెబ్బ తగలడం ఖాయం.

తర్వాత వచ్చినవి

ఆటలో మాటలకు ఇంత చోటు ఇచ్చినా జనం ఆడతారని రుజువయ్యాక, తీసేవాళ్లకు ధైర్యం వచ్చింది. 16వ శతాబ్దపు జర్మన్ మఠంలో జరిగే హత్యల కథ 'పెంటిమెంట్'ను 2022లో తీసిన జోష్ సాయర్, తనకు స్ఫూర్తినిచ్చినవాటిలో దీని పేరు చెప్పాడు. పాచికలు, మాటలు, అప్పుల్లో కూరుకున్న బతుకులతో వచ్చిన 'సిటిజన్ స్లీపర్' కూడా అదే ఏడాదిది. డిస్కో ఎలీసియంకు అడ్డంకులూ లేకపోలేదు. ఆస్ట్రేలియాలో సెన్సారు వాళ్లు 2021లో ఫైనల్ కట్‌కు మాదకద్రవ్యాల కారణం చూపి అనుమతి నిరాకరించారు. మత్తు వాడితే ఏమవుతుందో ఇంత నిజాయతీగా చూపిన ఆట ఇంకోటి లేదని వాదన లేచింది. రెండు నెలల్లో పునస్సమీక్ష చేసి పెద్దలకు మాత్రమే అన్న ముద్రతో వదిలారు.

అభిమానుల సంగతి చెప్పనక్కర్లేదు. కిమ్ బొమ్మలు గీసినవాళ్లు, అతని జాకెట్ కుట్టించుకున్నవాళ్లు, 24 గొంతుల ధోరణిలో తమ రోజువారీ బాధల్ని రాసుకున్నవాళ్లు. తాగుడు మానేసే క్రమంలో ఈ ఆట తోడుందని రాసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. నాకు వీటన్నిటికన్నా పెద్దదనిపించేది ఇంకొకటి. 2013లో వెయ్యి కాపీలు అమ్ముడైన ఆ నవలను, ఎవరూ డబ్బు ఇవ్వకుండానే, అభిమానుల బృందం ఒకటి ఇంగ్లీషులోకి అనువదించి 2023లో జనానికి పంచింది. పదేళ్ల తర్వాత ఆ పుస్తకం ప్రపంచమంతటా పాఠకుల చేతుల్లోకి వెళ్లింది. ఆట పుస్తకాన్ని మింగేయలేదు, వెనక్కి వెళ్లి దాని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

మాటలెవరివి, సొమ్మెవరిది

ఆ ఆనందం తీసినవాళ్లకు దక్కలేదు. 2022 అక్టోబరులో జట్టు తొలినాళ్ల సభ్యుడు మార్టిన్ లూయిగా ఒక ప్రకటన చేశాడు. కుర్విట్జ్, రోస్తోవ్, హిండ్‌పెరె 2021 చివర్లోనే సంస్థ నుంచి బయటికి వచ్చేశారని, అదీ వాళ్ల ఇష్టంతో కాదని. అభిమానులకు గుండె జారిపోయింది. మరుసటి నెలలో కుర్విట్జ్, రోస్తోవ్ బహిరంగ లేఖ రాశారు. కంపెనీలో మెజారిటీ వాటాను కంపెనీ సొమ్ముతోనే, మోసంతో చేజిక్కించుకున్నారని ఆరోపించారు. యాజమాన్యం ఖండించింది. వాళ్లను తీసేసింది ప్రవర్తన బాగోలేకనని, పని చేయలేదని, తోటివారితో దురుసుగా ఉన్నారని చెప్పింది. కెండర్ కూడా దావా వేసి, తర్వాత ఉపసంహరించుకున్నాడు. 2023లో 'పీపుల్ మేక్ గేమ్స్' అనే యూట్యూబ్ చానల్ ఇరుపక్షాల వాళ్లనూ కూర్చోబెట్టి రెండు గంటలకు పైబడిన డాక్యుమెంటరీ తీసింది. అది చూశాక ఒక పక్షం మొత్తం మంచిదని, రెండోది మొత్తం చెడ్డదని అనడానికి నోరు రాదు. సంస్థలో మిగిలిన చిన్న ఉద్యోగుల గోడు అందులో ముఖ్యంగా వినాల్సింది.

చేదు ఎక్కడుందంటే, ఈ సంగతి ఆటలోనే రాసి ఉంది. పెట్టుబడికి తనను తిట్టేవాళ్లను కూడా సరుకుగా మార్చుకునే శక్తి ఉందని ఆ చక్కని మాటల జాయిస్ హ్యారీకి సావకాశంగా వివరిస్తుంది. 2019లో అది చదివి మెచ్చుకున్నవాళ్లు 2022లో అదే ముక్క మళ్లీ తీసి చదువుకున్నారు. ఇరవై ఏళ్లకు దగ్గరగా అల్లుకున్న లోకం మీద దాన్ని ఊహించినవాడికి చట్టం దృష్టిలో హక్కు లేకుండా పోయింది. కథా హక్కుల కాగితాల మీద చదవకుండా సంతకాలు పెట్టే మన సినిమా రచయితలు ఈ వ్యవహారాన్ని ఆట తెలియకపోయినా ఒకసారి చదువుకోవడం మంచిది.

2024 ఫిబ్రవరిలో సంస్థ ఈ లోకంలోనే జరిగే మరో ఆటను రద్దు చేసి, సుమారు నాలుగో వంతు సిబ్బందిని ఇంటికి పంపింది. అదే ఏడాది అక్టోబరులో, ఆట ఐదో వార్షికోత్సవం వేళకు, మాజీ ఉద్యోగులకు ముడిపడి ఒకటి కాదు, మూడు కొత్త స్టూడియోలు ప్రకటనలు చేశాయి. ఎవరికి వారే అసలు వారసులమన్నట్టు! పఠన బృందంలో చీలికల గురించి రాసినవాళ్లే ఇలా చీలిపోవడం చూసి నవ్వాలో ఏడవాలో తెలియని పరిస్థితి. కుర్విట్జ్ 'రెడ్ ఇన్ఫో' పేరుతో సొంత సంస్థ పెట్టుకున్నాడు. పాత సంస్థ 2025లో 'జీరో పరేడ్స్' అనే గూఢచారి ఆటను ప్రకటించింది. అదే ఏడాది అక్కడి ఉద్యోగులు పెట్టుకున్న యూనియన్‌ను యాజమాన్యం గుర్తించింది. యూనియన్ నాయకుణ్ని ఇబ్బంది కుర్చీతో సహా చిత్రించిన ఆట పుట్టిన చోట, జరగాల్సిందే జరిగింది అనిపిస్తుంది.

ఇప్పుడు ఆట కొంటే ఆ డబ్బు రాసినవాళ్లకు చేరదు కదా, కొనాలా వద్దా అన్న వాదన అభిమానుల్లో ఇప్పటికీ సాగుతూనే ఉంది. నా మటుకు కొనే ఆడాలంటాను. అందులో పనిచేసి పేరు కూడా బయటికి రాని చిత్రకారులు, ప్రోగ్రామర్లు చాలామంది ఉన్నారు.

ఆడదలచుకున్నవాళ్లకు నాలుగు మాటలు. ఇది పిల్లల ఆట కాదు. బూతులు, మత్తు, ఆత్మహత్య ఆలోచనలు అన్నీ ఉన్నాయి. ఖరీదైన కంప్యూటరు అక్కర్లేదు, ఓ మాదిరి ల్యాప్‌టాప్ చాలు. 2025 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ దొరుకుతోంది. తెలుగులో లేదు. ఇంగ్లీషు కాస్త గట్టిదే, తొందరపడకుండా చదువుకోవాలి. మొదటి గంట ఏమీ అర్థం కాకపోతే కంగారు పడవద్దు, హ్యారీకి కూడా అర్థం కాదు. ఇక పాచిక ఓడినప్పుడు పాత సేవ్ ఫైలు తెరిచి మళ్లీ వేసే పని మాత్రం పెట్టుకోకండి. ఓడిన దారినే వెళ్లండి. ఈ రచయితలు తమ మంచి వాక్యాల్లో సగానికి పైగా అటువైపే దాచారు.